వేలు చెప్పిన పన్నెండో చుట్టు

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. తొమ్మిది మగ్గాల మీద తొమ్మిది పడుగులు. ఒక్కో పడుగుకు పది దుప్పట్లు రావాలి. ప్రతి మగ్గం మీదా పదో దుప్పటి మధ్యలో ఉండగా దారం అయిపోయింది. అలా సగంలో ఆగినవి తొమ్మిది. లెక్క అక్కడితో ఆగదు. మా వైపు దుప్పట్లు జతలుగా అమ్ముడుపోతాయి. ఒకే రంగు, ఒకే అంచు ఉన్నవి రెండు కలిస్తేనే సరుకు. పదోది లేకపోతే తొమ్మిదోది ఒంటిది. తొమ్మిది మగ్గాలవీ తొమ్మిది రంగులు కాబట్టి ఆ ఒంటి దుప్పట్లను ఒకదానితో ఒకటి జత కట్టడానికీ లేదు. కాబట్టి పోయినవి పద్దెనిమిది. మళ్లీ పడుగులు చేరేదాకా మగ్గాలు ఖాళీగా ఉన్న రోజులు, మగ్గానికి నాలుగు చొప్పున ముప్పై ఆరు. అంకెల్లో పెట్టగలిగినవి ఇవి. పెట్టలేనిది ఒకటుంది. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో నా లెక్క మీద ఉన్న నమ్మకం. అది సగం కాదు, మొత్తంగా పోయింది.

నేను ఆదోనిలో ఉంటాను. చదువు పదో తరగతితో ఆగింది. పత్తి మిల్లులో గుమాస్తాగా చేరి, బేళ్లూ తూకాలూ చూసుకుంటూ లెక్క నేర్చుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మూడంకెల గుణకారాలు కాగితం లేకుండా చేయడం అలవాటైంది. మిల్లు మూతపడ్డాక నా భార్య వాళ్ల అన్న, అంటే మా బావ, ఎమ్మిగనూరుకు రమ్మన్నాడు. ఆయన నూలు కొని, రంగులు వేయించి, పడుగులు చేయించి ముప్పై మగ్గాలకు ఇస్తాడు. నేసిన దుప్పట్లు తీసుకుని కూలి ఇస్తాడు. పడుగు అంటే మగ్గానికి పొడుగునా కట్టే దారాల వరస. అది ఎంత పొడుగుండాలో, ఏ రంగు పోగులు ఎన్ని ఉండాలో చెప్పే పని నాది. బావ కొట్టంలో పెద్ద చెక్క డ్రమ్ము ఉంది. దాని మీద దారం చుట్టి పడుగు చేస్తారు. ఒక్క చుట్టుకు రెండున్నర మీటర్లు. పది దుప్పట్ల పడుగుకు ఇరవై ఏడున్నర మీటర్లు కావాలి, అంటే పదకొండు చుట్లు. పొద్దున్నే ఆదోని బస్టాండులో బస్సెక్కడం, డ్రమ్ము పక్కన నిలబడి లెక్క చెప్పడం, సాయంత్రం ఇంటికి రావడం. పదేళ్ల పైనే ఇలా గడిచింది. ఆ పదేళ్లలో ఒక్క పడుగు కూడా తక్కువ రాలేదు.

తర్వాత నాకు కామెర్లు వచ్చాయి. నెల రోజులు మంచం దిగలేదు. బావ ఫోన్ చేస్తే మగతలోనే ఏదో లెక్క చెప్పేవాణ్ని. నేను చెప్పినదాని మీద నాకే నమ్మకం లేక, ఆయనకూ లేక, డ్రమ్ము తిరగలేదు. ముప్పై మగ్గాల్లో ఇరవైకి పైగా ఖాళీ అయ్యాయి. లేచి వెళ్లిన మొదటి రోజు ఆ వీధిలో నాకు వరసకు అత్త అయ్యే ఒకామె ఎదురైంది. ఆ వీధికంతా నేను అల్లుణ్నే. ఆమెది గుంత మగ్గం, నేలలో తీసిన గుంతలో కాళ్లు పెట్టి నేసేది. భర్త పోయినప్పటి నుంచి తనే నేస్తుంది. నోరు మాత్రం మగ్గం కన్నా గట్టిది.

"ఏం అల్లుడా, లేసినావా?" అంది.

"లేసినానత్తా."

"మంచిది. ఒక మాట సెప్పు. నువ్వు పండుకుంటే మా మగ్గాలు గూడా పండుకోవాల్నా?"

నవ్వుతూనే అడిగింది. నేను నవ్వలేకపోయాను. ముప్పై ఇళ్ల పొయ్యి నా ఒక్కడి తలకాయ మీద ఆధారపడి ఉందని అంతకు ముందు నాకు గర్వంగా ఉండేది. ఆ రోజు భయం వేసింది. నాకు జ్వరమొచ్చినా, నేను ఊరెళ్లినా, రేపు నేను లేకపోయినా ఆ డ్రమ్ము తిరగాలి. నాకు కావలసింది అదొక్కటే. అందుకే యాభైకి దగ్గర పడ్డ వయసులో ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాను.

వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఫోన్‌లోనే ప్రోగ్రాం రాసి నడిపించే యాప్ ఒకటి దొరికింది. ఆరు నెలలు తంటాలు పడ్డాక నా లెక్క మొత్తం అందులోకి ఎక్కింది. ఎన్ని దుప్పట్లో, ఏ అంచో చెప్తే చుట్లు ఎన్నో, ఏ రంగు పోగులు ఎన్నో వరసగా చూపించేది. వందసార్లు పరీక్షించాను. ప్రతిసారీ నా నోటి లెక్కతో అంకె తేడా లేకుండా కలిసింది. బావతో చెప్పి వారం రోజులు కావాలనే ఆదోనిలో ఉండిపోయాను. పొద్దున ప్రోగ్రాం ఇచ్చిన చీటీని ఫోన్‌లో పంపడం, డ్రమ్ము తిప్పే పెద్దాయన దాని ప్రకారం పడుగు చేయడం. అలా తొమ్మిది పడుగులు మగ్గాలెక్కాయి. ఏమయిందో ముందే చెప్పాను.

తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు. ప్రతి అంకె మళ్లీ చూశాను. పదకొండు చుట్లే రావాలి, పదకొండే వచ్చాయి. బావ కోప్పడలేదు. ఆయన మెల్లగా మాట్లాడితేనే నాకు ఎక్కువ కష్టం.

"సూడప్పా, ఫోను ఉండేది మాట్లాడుకునేదానికి. ఆ లెక్క ఇంగ వద్దులే. నువ్వు మునుపటి మాదిరి వచ్చి డ్రమ్ము కాడ నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. పడుగులు మళ్లీ సరిగ్గా వచ్చాయి. అదే డ్రమ్ము, అదే పెద్దాయన, అదే లెక్క. నేను పక్కన ఉంటే పది దుప్పట్లు, నేను ఆదోనిలో ఉంటే తొమ్మిదిన్నర. వీధిలో అప్పుడే ఒక ఎగతాళి మాట పుట్టింది. నన్ను చూస్తే చాలు ఎవరో ఒకరు, "మన అల్లుడు సగం దుప్పటికి ప్రోగ్రాం రాసినాడంట, ఇంగ సగం ఎండాకాలంలో రాస్తాడంట" అనేవాళ్లు.

అప్పుడు పుట్టింటికి వచ్చింది మా మేనకోడలు. బావ కూతురు. బెంగుళూరు కంపెనీలో పని చేస్తుంది. పాప పుట్టాక ఇంటి నుంచే పని చేయడానికి ఎమ్మిగనూరులో కొన్నాళ్లు ఉండిపోయింది. కొట్టం పక్క గదిలో ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఒక చేత్తో కంప్యూటర్ మీద టకటకలాడించేది. జరిగిందంతా విని, నా ఫోన్ తీసుకుని ప్రోగ్రాం చదివింది. చదువుతుంటే ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ మర్యాదకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"మామా, నీకు ఒక చిన్న లెక్క ఇస్తా. ఒకటి నుంచి నూరు దాకా అంకెలన్నీ కూడితే ఎంతో సెప్పే ప్రోగ్రాం రాయి" అంది.

నేను ఒక్క నిమిషంలో రాసి ఇచ్చాను. ఆమె చూసింది. ప్రోగ్రాంలో ఒక్కటే వరస ఉంది: అయిదు వేల యాభై అని చూపించు.

పాప లేస్తుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇది ప్రోగ్రాం కాదు మామా, జవాబు!"

"జవాబు తప్పా?"

"తప్పు కాదు. అదే నీ కష్టం. నీ తలకాయ అడ్డం వస్తాండాది. నీ తలకాయ ఏమేం చేసిందో నీకే తెలీదు. నువ్వు జవాబు మాత్రం చూస్తాండావు."

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. రెండు రోజుల తర్వాత అర్థమైంది. పాపను వాళ్లమ్మకు ఇచ్చి ఆమె కొట్టంలోకి వచ్చింది. పడుగు చేయబోతున్నాం.

"మామా, ఏం చేస్తాండావో నోటితో చెప్పుకుంటా చెయ్యి. ఏదీ వదలొద్దు" అంది.

చెప్పాను. రంగుల వరస చెప్పాను, పోగులు చెప్పాను, చుట్లు లెక్కపెట్టాను. డ్రమ్ము తిప్పే పెద్దాయన తిప్పుతున్నాడు. "తొమ్మిది... పది... పదకొండు. అయిపాయ" అన్నాను.

డ్రమ్ము ఇంకొక చుట్టు తిరిగి ఆగింది.

మేనకోడలు నా చేతి వంక చూస్తూ, "మామా, వేలు ఎందుకు ఎత్తినావు?" అంది.

"నేను ఎత్తలేదే."

పెద్దాయన పిడి మీద చేయి పెట్టి గట్టిగా నవ్వాడు. "ఎత్తకపోతే నేనెట్ల తిప్పుతానప్పా? నువ్వు వచ్చినప్పటి నుంచి ఆ వేలు సూసే తిప్పుతాండా. వేలు నిలువునా లేస్తే ఒక సుట్టు, వంచి సూపిస్తే అర్ధ సుట్టు. అది కొసరు గదా!"

కొసరు. అంగట్లో శనగలు కొలిచాక పైన ఒక గుప్పెడు వేస్తారే, అది. మా కొట్టంలో అందరూ దాన్ని అలాగే అనుకునేవాళ్లు: లెక్క ప్రకారం చుట్టాక షావుకారు మనసు మంచిదై ఇచ్చే పైచుట్టు. నేను కూడా ఎప్పుడైనా ఆలోచించి ఉంటే అలాగే అనుకునేవాణ్నేమో. కానీ అది దయ కాదు, మగ్గానికి అవసరం. పడుగు చివర మగ్గానికి కట్టి ఉండే భాగం నేతకు రాదు, అలాగే మిగిలిపోతుంది. ఆ కొసరు లేకపోతే పదో దుప్పటి పూర్తి కాదు. పదేళ్లు నా నోరు పదకొండు అంటూ వచ్చింది, నా వేలు పన్నెండు అంటూ వచ్చింది. ప్రోగ్రాం రాసినప్పుడు నేను నోరు చెప్పింది రాశాను.

"మరి చీటీలో పదకొండు అని చూసినప్పుడు నువ్వన్నా అడగల్యాకపోతివా?" అన్నాను పెద్దాయనతో.

"నేనేం కంటినప్పా. కంప్యూటర్ లెక్క గదా, వేలును గూడా లోపలే కలుపుకొని ఉంటాదనుకుంటి."

ఆయన తప్పేమీ లేదు. నేను పక్కన లేకపోతే వేలు లేదు, వేలు లేకపోతే చుట్టు లేదు. అంతే.

ఇక సులువే అనుకున్నాను. ప్రోగ్రాంలో ఒక చుట్టు కలిపేశాను. మేనకోడలికి చూపించాను.

"వంచిన వేలు యాడుంది మామా?" అంది.

దాన్నే మర్చిపోయాను. ఏ మగ్గానికి వేలు నిలువునా లేపుతానో, ఏ మగ్గానికి వంచుతానో నాకే తెలియదు. కూడమంటే కూడతాను, గుణించమంటే గుణిస్తాను. నేను చేసే పనిని ముక్కలుగా విడదీసి చెప్పమంటే చేతకాదు. ఆమె నన్ను కూర్చోబెట్టి అదే చెప్పింది.

"మామా, నీకు వచ్చిన లెక్కలు వెయ్యి చేసినా నువ్వు ఈడనే ఉంటావు. నీకు రానిది ఏందో అదే రోజూ కొంచెం చెయ్యాల. నేను దినానికి ఒక లెక్క పంపిస్తా. అంకెలు పెద్దగా ఉండవు. నీకు జవాబు ముందే తెల్సిపోయేటివి అసలు ఇవ్వను."

అలా మొదలైంది. బస్సు ఆదోని బస్టాండులో కదలగానే ఆమె లెక్క ఫోన్‌లో ఉండేది. ఎమ్మిగనూరు చేరేలోపు దాన్ని చేయాలి. ఆస్పరి నుంచి వచ్చి ఆదోనిలో బస్సు మారే కూలీలు, పెద్దకడుబూరు వైపు వెళ్లి వేరుశనగ కొనే చిన్న వ్యాపారులు, బడి పంతుళ్లు, వీళ్ల మధ్య కిటికీ పక్క సీటు నా బడి. కండక్టర్ కొన్నాళ్లు ఊరకే చూశాడు. ఒక రోజు అడగనే అడిగాడు.

"ఏమన్నా, పొద్దున్నే ఫోన్‌లో ఆటలా? మా పిల్లోని మాదిరి చేస్తాండావే!"

"ఆట కాదప్పా, హోంవర్కు."

"ఈ వయసులోనా? టీచరు ఎవరు?"

"మా మేనకోడలు."

"అయితే ఫెయిల్ చెయ్యదులే" అని టికెట్ చింపి ఇచ్చాడు. ఆయనకు తెలియదు. నన్ను చాలాసార్లు ఫెయిల్ చేసింది.

ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. మొదట ప్రోగ్రాం రాయకూడదు. చేయబోయే పనిని తెలుగులో, చిన్న చిన్న మాటల్లో, కొత్తవాడికి చెప్పినట్టు చెప్పుకోవాలి. తర్వాతే రాయాలి. రాశాక నడిపించే ముందు జవాబు ఏమొస్తుందో అనుకోవాలి. అనుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి అయితే వెంటనే దిద్దకూడదు. రెంటికీ మధ్య ఎక్కడ దారి తప్పిందో ముందు కనుక్కోవాలి. తప్పు పోయిన లెక్కను వారం తర్వాత పాతది చూడకుండా మళ్లీ మొదటి నుంచి రాయాలి. చదవడానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. నాకు మాత్రం మొదటి రెండు నెలలు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది పేర్లను అక్షర క్రమంలో పెట్టే లెక్క ఒకటిచ్చింది. చూడగానే కళ్లతో సర్దేశాను. కళ్లు ఎలా సర్దాయో చెప్పడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు బస్సు దిగేటప్పుడు, పక్కపక్క పేర్లను రెండేసి పోల్చి, ముందు రావలసినదాన్ని ముందుకు తెస్తూ చివరిదాకా పోవాలని, ఇక ఏదీ కదలనంత వరకూ మళ్లీ మళ్లీ అలాగే చేయాలని తట్టింది. బస్టాండులోనే నిలబడి రాసి పంపాను. "శభాష్ మామా" అని వచ్చింది. పత్తి మిల్లులో నాకెవరూ ఆ మాట అనలేదు.

ఒక్కోసారి ఆమె లెక్కలు నా గాలి తీసేసేవి. మగ్గం కొసరుతో సహా పడుగు లెక్క మళ్లీ రాసి, ఎంతో ఇష్టంగా చూపించాను. పది దుప్పట్లకు సరిగ్గా వచ్చింది, ఇరవైకీ వచ్చింది.

"ఒక్క దుప్పటి కూడా వద్దు అంటే నీ ప్రోగ్రాం ఏమంటాది మామా?"

"వద్దంటే ఎవరు చేస్తారు?"

"నువ్వు సున్నా అని పెట్టి చూడు."

పెట్టాను. సున్నా దుప్పట్లకు ఒక చుట్టు అని వచ్చింది. దుప్పట్లు లేకపోయినా కొసరు మాత్రం పెడుతున్నది! ఆ రోజు బావ కూడా పక్కనే ఉన్నాడు. నెలల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. "నీ ప్రోగ్రాం నాకన్నా మంచిదప్పా, నేయనోళ్లకు గూడా నూలు ఇస్తాంది" అన్నాడు. ఆ నవ్వుతో నాకు కొంత బరువు దిగింది. సున్నా పెట్టి చూడడం, ఒకటి పెట్టి చూడడం, ఎవరూ పెట్టరనుకునే అంకె పెట్టి చూడడం అప్పటి నుంచి అలవాటైంది. నాకు ఎప్పుడూ గుండ్రని అంకెలంటే ఇష్టం. తప్పులు గుండ్రని అంకెల్లో కనపడవని ఆమె వల్ల తెలిసింది.

వంచిన వేలి సంగతి ఈ అభ్యాసంతోనే మెల్లగా విడింది. డ్రమ్ము పక్కన నిలబడినప్పుడల్లా నా వేలు లేచిన క్షణంలో నన్ను నేనే ఆపి, ఇప్పుడెందుకు అని అడిగేవాణ్ని. మొదట్లో జవాబు దొరికేది కాదు. పడుగు ఎవరింటికి పోతుందో పెద్దాయనను అడిగి, ఆ ఇంటికి పోయి మగ్గం చూసి వచ్చేవాణ్ని. గుంత మగ్గాల వెనక చాలా పొడుగు పడుగు నేతకు రాకుండా మిగిలిపోతుంది. నేల పైన చట్రం మీద నిలబెట్టిన స్టాండు మగ్గాల మీద తక్కువ మిగులుతుంది. వాటికి నా వేలు వంగేది. లావు నూలు అడ్డంగా నేస్తే పడుగు వంపులు తిరిగి పొట్టిదవుతుంది. అలాంటి దుప్పటి స్టాండు మగ్గం మీద ఉన్నా వేలు నిలువునా లేచేది. మగ్గం ఏది, అడ్డం నూలు ఏది అని రెండు ప్రశ్నలు. వాటి జవాబుల్ని బట్టి ఒకటి లేదా అర. నా వేలికి పదేళ్లుగా తెలిసినదాన్ని నా నోటికి తేవడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాది దండగ అని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. నా పని నాకే కొత్తగా కనపడింది.

ప్రోగ్రాం సిద్ధమయింది. మేనకోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందంది. కానీ దాని లెక్కతో చేసిన పడుగును మగ్గం మీదికి ఎక్కించుకునేది ఎవరు? బావ ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. "అల్లుడు డ్రమ్ము కాడ నిలబడితే ఇయ్యి, ఫోను నిలబడితే వద్దు" అన్నారు. వాళ్ల మాట న్యాయమే. సగం దుప్పటి వాళ్ల కూలిలోంచే పోయింది. ప్రోగ్రాం ఎంత బాగున్నా, ఒక్క మగ్గం దాన్ని నమ్మకపోతే నేను మళ్లీ మంచమెక్కిన రోజు డ్రమ్ము ఆగిపోతుంది. ఏడాది కష్టం ఫోన్‌లోనే ఉండిపోతుంది.

ఆ సంగతి గుంత మగ్గం అత్త చెవిన పడింది. కొట్టం దాకా తనే వచ్చింది.

"నాకే ఎక్కియ్యి అల్లుడా."

"అత్తా, ఆలోచించుకో. మునుపు నీ మగ్గం మీద గూడా తక్కువైంది."

"అందుకే. మళ్లా తక్కువైతే నిన్ను తిట్టేదానికి ఈ వీదిలో నాకన్నా నోరుండేటోళ్లు ఎవరుండారు? వేరేవాళ్లకు ఇస్తే ఊరకే మనసులో పెట్టుకుంటారు. నాకిస్తే ఆ పొద్దే తీరిపోతాది."

నేను ఆదోనిలోనే ఉండిపోయాను. కొట్టానికి వెళ్తే నా వేలు నా మాట వినదని నాకు తెలుసు. చీటీ పంపాను: గుంత మగ్గం, లావు నూలు, పన్నెండు చుట్లు. పడుగు మగ్గానికెక్కిందని పెద్దాయన కబురు చేశాడు. ఆ తర్వాత ఆమె నేయాలి, నేను కూర్చోవాలి. దుప్పటి దుప్పటికి లోపల లెక్క వేసుకుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. నా భార్య రెండు రోజులు ఓపిక పట్టింది.

"ఆడ నేసేది ఆమె, ఈడ మగ్గం మాదిరి ఆడేది నువ్వు. పోయి కూరగాయలన్నా తీసుకరాపో" అంది.

మార్కెట్‌లో వంకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. అత్త. సంచి కింద పెట్టి తీశాను.

"అల్లుడా, యాడుండావు?"

"ఆదోనిలోనే అత్తా. ఏమాయ?"

"ఏమవుతాది, పదోది దిగింది. జత కట్టి పెట్టినా."

"మగ్గం మీద ఎంత మిగిలింది?" అన్నాను.

"నేసేదానికి పనికొచ్చేది రొండు మూరలు కూడా లేదు. ఏం, అది గూడా వాపసు అడుగుతావా?"

"లేదత్తా, అది నీకే."

"అట్లయితే ఇంగో పడుగుకు చీటీ పంపు. నువ్వు రావాల్సిన పనేమీ లేదు." అని పెట్టేసింది. నువ్వు రావాల్సిన పని లేదు అన్న మాట ఏ మనిషినైనా బాధపెడుతుంది. నాకు మాత్రం కళ్లు తడిశాయి. వంకాయలమ్మే ఆమె ఏమయిందన్నా అంటే, ఏమీ లేదమ్మా, దుప్పటి అయిపోయింది అన్నాను. ఆమెకు ఏమీ అర్థమై ఉండదు.

అత్త మగ్గం చూసి మిగతావాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఆ వానాకాలం నాకు మళ్లీ జ్వరం వచ్చింది. అయిదు రోజులు పడుకున్నాను. డ్రమ్ము ఆగలేదు. ఎన్నో ఏళ్లుగా ఎన్నో లెక్కలు సరిగ్గా చేశాను. నేను పడుకుని ఉండగా సరిగ్గా వచ్చిన లెక్క ఇచ్చిన తృప్తి వేరు.

తర్వాత ఒక ఆదివారం మేనకోడలితో అన్నాను: "నీకు నేను ఏమన్నా ఇచ్చుకోవాలమ్మా. పట్టుచీరా, పాపకు గొలుసా, నువ్వే చెప్పు."

ఆమె పాపకు గోరుముద్దలు తినిపిస్తోంది. "అవన్నీ ఎందుకు మామా. నాకు లెక్కలు ఇయ్యి."

"నీకు నేను లెక్కలు ఇచ్చేదేంది?"

"మా ఆఫీసులో పని అంతా ఒకే మాదిరి ఉంటాది. కష్టపడి ఆలోచించి ఎన్ని దినాలాయనో. నువ్వు మగ్గాల కాడ, రంగుల కాడ, సంత కాడ చూస్తావు గదా, అట్లాంటివి ఇయ్యి. నేను నీకిచ్చినన్ని నాకు ఇయ్యాల. ఒకటికి ఒకటి. సులువుగా ఉంటే వాపసు పంపిస్తా, అది లెక్కలోకి రాదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, లెక్క చేయడం కన్నా మంచి లెక్క పుట్టించడం ఎంత కష్టమో. వారమంతా కళ్లు తెరుచుకుని తిరిగితే ఒకటి దొరుకుతుంది. మొదటిది రంగుల గురించి ఇచ్చాను: నాలుగు తొట్లు, ఆరు రంగులు, లేతది వేశాక ముదురుది వేయొచ్చు కానీ ముదురుది వేశాక తొట్టి కడగకుండా లేతది వేయకూడదు, మగ్గాలవాళ్లు అడిగిన వరస తప్పకుండా, అతి తక్కువసార్లు కడుగుతూ నెలంతా ఏ రంగు ఏ తొట్టిలో వేయాలి? రెండు రోజులు ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు, "మామా, చంపేసినావు" అని జవాబు పంపింది. ఆ రోజు బస్సులో నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే కండక్టర్ చిల్లర తిరిగి ఇవ్వడం మర్చిపోయినా అడగలేదు.

ఆమె ఇప్పుడు బెంగుళూరు తిరిగి వెళ్లిపోయింది. లెక్క మాత్రం రోజూ బస్సు కదిలే వేళకు వస్తూనే ఉంటుంది. నేను ఇంకా తప్పులు చేస్తున్నాను. కాకపోతే వెనకటి తప్పులు కావు. కొత్తవి, కొంచెం పెద్దవి. ఆమె రోజుకు ఒకటి ఇస్తుంది, నేను వారానికి ఒకటి ఇవ్వగలుగుతున్నాను. ఈ లెక్కన అంతరం తగ్గదు, ఏ వారానికి ఆ వారం పెరుగుతుంది. పెరగనీ. ఇవాళ పొద్దున వచ్చిన దానితో కలిపి ఆమె ఇచ్చినవి ఏడు వందల పదిహేడు. వాపసు వచ్చినవి తీసేస్తే నేను ఇచ్చినవి నలభై మూడు. బాకీ ఆరు వందల డెబ్బై నాలుగు.